జెర్బిల్ కాలికి పదకొండు చుట్ల నూలు

సిద్దిపేట పశువుల దవాఖానకు నేను బదిలీ మీద వచ్చింది జిల్లా ఏర్పడిన కొన్నేళ్లకు, ఒక జూన్ నెల మొదటి సోమవారం నాడు. ఆ రోజు కురిసిన వానకు పాత బస్టాండులో బస్సులు పడవల్లా తేలాయని రాయబోయి ఆగాను. ముందే ఒప్పుకుంటే మంచిది, నాకు పెంచి చెప్పే అలవాటుంది. ఆ రోజు పడ్డవి నాలుగు చినుకులు. నేను నలభై మంది అంటే నలుగురని, గేదె ఏనుగంత ఉందంటే గేదె గేదెంతే ఉందని సర్దుకుని చదవండి. మా ఆవిడ పాతికేళ్లుగా అట్లాగే సర్దుకుని వింటోంది. అయితే ఉన్నదాన్ని పెంచడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. ఈ రెండో పని ఇందులో ఒక్కచోటే చేశాను. ఎక్కడో చివర్లో చెబుతాను.

నా హోదా లైవ్‌స్టాక్ అసిస్టెంటు. మా శాఖలో మెట్లు తెలియని వారి కోసం చెబుతున్నాను. పైన పశువైద్యాధికారి ఉంటారు, డిగ్రీ చదివిన అసలు డాక్టరు. కింద మేము. డిప్లొమా చదివి కట్టు కట్టడం, సూది వేయడం, ఊరూరా తిరిగి టీకాలు ఇవ్వడం, డాక్టరు కోస్తుంటే పశువును కదలకుండా పట్టుకోవడం మా పని. జబ్బు ఇదని తేల్చడం, మందు రాయడం మా పని కాదు. ఈ తేడా ఆర్డరు కాగితం మీద స్పష్టంగా ఉంటుంది గానీ దవాఖాన గేటు దగ్గర ఉండదు. గేటు లోపల చొక్కా టక్ చేసుకున్న ప్రతివాడూ జనానికి డాక్టర్ సాబే. మా అటెండరు స్వెట్టరు వేసుకున్న రోజు అతన్నీ అన్నారు. ఇన్నేళ్లలో నేను ఎవరినీ సరిదిద్దలేదు. మొదట్లో మొహమాటం, తర్వాత అలవాటు, ఆపైన, దాచడమెందుకు, ఇష్టం.

యాభై రెండో ఏట ఒక ముర్రా గేదె తన్నిన తన్నుకు నేను జగదేవ్‌పూర్‌లో లేచి గజ్వేల్‌లో పడ్డాను. మోకాలి చిప్ప జరిగింది. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. వందల గేదెల కథలున్నా, ఇప్పుడు రాయబోయేది గుప్పెడు పల్లీలంత బరువున్న ఒక ప్రాణి సంగతి. నా ఉద్యోగంలో నన్ను గట్టిగా తన్నింది ఆ గేదె కాదు, ఇదే.

దవాఖానలో ఓపీ రిజిస్టరు రాయడం నా బాధ్యత. తేదీ, యజమాని పేరు, ఊరు, పశువు, జబ్బు, చికిత్స అని గడులుంటాయి. పశువు గడిలో పూర్తి పేరు రాసే ఓపిక ఎవరికీ లేక గేదెకు 'గే', ఆవుకు 'ఆ', మేకకు 'మే', కుక్కకు 'కు' అని రాసేవాళ్లం. ఇందులో ఇమడనివన్నీ 'ఇతరములు'. అందులో చిలుకలు, కుందేళ్లు, ఒకసారి ఒక తాబేలు ఉన్నాయి. నేను చేరిన రెండు నెలలకు ఒక సోమవారం ఆ 'ఇతరములు' నడిచి వచ్చింది.

తెచ్చినాయన పేరు సత్తయ్య, వయసు అరవై దాటింది. దుబ్బాక నుంచి వచ్చి సిద్దిపేటలో స్థిరపడ్డ చేనేత మనిషి, గొల్లభామ చీరలు నేస్తాడు. చీర అంచు మీద నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ పోగు పోగుగా లేస్తుంది, ఆ పని చేతనైన వాళ్లు ఊళ్లో తగ్గిపోతున్నారు. వెంట మనవరాలు వైష్ణవి, ఆరో తరగతి. ఆయన చేతిలో ఆకుపచ్చ రంగు వేసిన చిలుక పంజరం, పంజరంలో గోధుమ రంగు ప్రాణులు రెండు.

"డాక్టర్ సాబ్, గివి మంచిగున్నయా లేవా జెర సూడున్రి" అన్నాడు సత్తయ్య.

"ఎలుకలే గదా పెద్దమనిషీ. జనం సంపుమని తెస్తరు, నువ్వు సాదుమని తెచ్చినవా?" అన్నాను.

వైష్ణవి నన్ను పరీక్షలో సున్నా వచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు చూసింది. "ఎలుకలు కావు సార్. జెర్బిల్స్. ఎలుకకు తోక బోడిగ ఉంటది. గీటికి తోక నిండ బొచ్చుంటది, కొసకు కుచ్చు సుత ఉంటది. గివి ఎడారిల ఉంటయి. మీరు చదువుకోలేదా?"

చదువుకోలేదు. మా డిప్లొమాలో ఎడారి అంటే ఒంటె దగ్గరే ఆగిపోయింది. వాటిని వైష్ణవి మేనమామ స్నేహితుడెవరో పట్నం వదిలిపోతూ ఇచ్చాడట. ఒకదాని పేరు నాడె, ఒకదాని పేరు కండె. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తేది నాడె, దాని కడుపులో నూలు చుట్టుకుని కూర్చునేది కండె. వీటిలో కూడా ఒకటి పంజరమంతా పరుగులు పెడుతోంది, రెండోది బొద్దుగా మూలకు కూర్చుంది. పేర్లు అతికినట్టున్నాయి.

ఆ రోజు మా డాక్టరమ్మ లేదు. ధూళిమిట్ట వైపు గాలికుంటు టీకాల క్యాంపుకు పోయింది. నేను రెండింటినీ పంజరం బయటి నుంచే చూసి, చలాకీగా ఉన్నాయి, భయం లేదని చెప్పి, రిజిస్టరులో 'ఇతరములు, రెండు' అని రాసి పంపించాను. ఇంకేవో నాలుగు మాటలు మాట్లాడుకున్నాం. గేటు దగ్గర పది గేదెలు వరుసలో ఉన్నాయి. సరే, మూడు.

తర్వాత కొద్ది రోజులకు సత్తయ్య జరీ కోసం పట్నం పోయాడు. అక్కడ ఒక పెంపుడు జంతువుల దుకాణం ముందు ఆగి, ఈ ప్రాణులకు పంజరంలో పరుపుగా ఏం వేయాలని అడిగాడు. ఆ దుకాణదారుణ్ని నేను కళ్లకు కట్టినట్టు చెప్పగలను. పది వేళ్లకు ఆరు ఉంగరాలు, మెడలో పలుపుతాడంత గొలుసు, గద్దె మీద కూర్చుంటే గద్దె కనపడదు. ఆయన చిలుకకు గింజలు వేస్తూ, ఇటు తిరగనైనా తిరగకుండా, 'మెత్తగుండేది ఏదైనా వెయ్యి, నూలు మీ ఇంట్లనే ఉండె గదా, అంతకన్న మెత్తనిది ఇంకేముంటది' అన్నాడు. సత్తయ్యకు ఆ మాట తేనెలా దిగింది. ఎవరైనా తన నూలును మెచ్చుకుంటే దిగదా? ఇంటికి వచ్చి కండెల మీద మిగిలిన సన్న నూలంతా గుప్పిళ్ల కొద్దీ తెచ్చి పంజరంలో పరిచాడు. జెర్బిళ్లకు అంత మెత్తని పరుపు ఎడారిలో ఏ రాజవంశానికీ దక్కి ఉండదు.

పందొమ్మిది రోజుల తర్వాత, పొద్దున్నే గేటు తీస్తున్నప్పుడు వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. వైష్ణవి స్కూలు బట్టల్లోనే ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. పంజరం ఆ పిల్లే పట్టుకుంది, తాతను ముట్టనివ్వడం లేదు. నాడె వెనక కుడికాలు ఎత్తి పట్టుకుని మూడు కాళ్ల మీద కుంటుతోంది. పాదం ఉబ్బి, నేరేడుపండు రంగుకు తిరిగింది.

"అది గిట్ల అయిందని రాత్రే చెప్పిన" అంది వైష్ణవి. "తాత ఏమన్నడో ఎరికేనా సార్? పొద్దుగాల సూద్దమన్నడు. దాని కాలు పోయిందనుకో, నీ మొకం సూడ, నీతోని మాట్లాడ, నీ మగ్గం కాడికి రాను. గంతే తాత."

సత్తయ్య పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన సంగతి నాకు తర్వాత తెలిసింది. ఇంట్లో అందరూ పనులకు పోతే పగలంతా మగ్గం గుంటలో ఒక్కడే కూర్చుంటాడు. బడి వదిలాక వైష్ణవి వచ్చి పక్కన కూర్చుని కండెలు అందిస్తూ బడి కబుర్లన్నీ చెబుతుంది. ఆయనకు రోజులో మాటలుండేది ఆ రెండు గంటలే. ఆ పిల్ల అన్నమాట అంటే అన్నట్టే ఉంటుందని ఆయనకు తెలుసు, నాకూ ఆ గొంతు విన్నాక తెలిసింది.

డాక్టరమ్మ ఆ రోజు ఉంది. మా కంటే చిన్నది, ముప్పై దాటలేదు. గేదెల్ని నిలబెట్టే ఇనుప చట్రం పక్కనున్న బల్ల మీద తెల్లగుడ్డ పరిపించింది. పట్టుకోవడం నా డ్యూటీ గనక నేను అలవాటుగా తోక దగ్గరికి చెయ్యి పెట్టాను.

"యాదగిరి గారూ, తోక పట్టకండి!" అని ఒక్క కేక వేసింది. జెర్బిల్ తోక పట్టి లేపితే తోలు మేజోడులా ఊడి చేతికొస్తుందట. దొప్పలా రెండు చేతులూ కిందికి పెట్టి ఎత్తాలి. అట్లాగే ఎత్తాను. పాతికేళ్లు దున్నలను పట్టిన చేతులకు, ఒక గుండె కొట్టుకోవడం అంత దగ్గరగా మొదటిసారి తెలిసింది. ఇది పెంచి రాసింది కాదు.

డాక్టరమ్మ వేలి కొనతో బొచ్చు విడదీసి చూసింది. మడమ పైన ఒక గీత. గీత కాదు, లోపలికి దిగిపోయిన దారం. పరుపులో దొర్లుతున్నప్పుడు ఒక పోగు కాలికి చుట్టుకుంది. అది విడిపించుకోవాలని గుంజిన కొద్దీ ఇంకో చుట్టు పడింది. రక్తం ఆడక కాలు వాచింది, వాచిన కొద్దీ దారం ఇంకా లోపలికి దిగింది. ఆమె చిన్న కత్తెర మొన పెట్టడానికి మూడుసార్లు చూసింది. దారానికీ తోలుకూ మధ్య సందు లేదు.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. అందరి ముందరా, ఏ బెరుకూ లేకుండా, "నాకు ఈ ప్రాణి గురించి పూర్తిగా తెలీదు. తెలిసినవాళ్లను అడుగుతా" అంది. అక్కడ అప్పటికి నలభై మంది పోగయ్యారు. (నలుగురు. ఒకాయన మేకతో.) ఫోన్ తీసి, చిన్న జంతువులకు వైద్యం చేసే తన కాలేజీ గురువుకు చేసి, స్పీకరు పెట్టింది. ఇంతమందిలో 'తెలీదు' అన్నందుకు ఆమె గౌరవం ఇంచైనా తగ్గుతుందేమోనని జనం మొహాలు చూశాను. ఎవరికీ ఏమీ పట్టలేదు. మేకాయన మాత్రం "గామె అడుగుతున్నది మంచిదే" అన్నాడు.

ఫోన్‌లో పెద్దాయన చెప్పింది క్లుప్తంగా ఇది. అంత చిన్న ప్రాణికి మత్తు ఇవ్వడం ప్రమాదం, దానికి తగిన యంత్రం ఉన్నచోటే ఇవ్వాలి. పట్నం తెస్తే మంచిదే, కానీ పాదం రంగును బట్టి చూస్తే ప్రతి గంటా లెక్కే. కోయకుండా దారం విప్పగలిగితే అన్నింటికన్నా మేలు. ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వస్తుంది.

కాలు తీసేయడం అన్న మాటకు వైష్ణవి తాత వైపు చూసింది. ఆ చూపు గురించి పెంచి రాయడానికి నా దగ్గర మాటలు లేవు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ సత్తయ్య ముందుకు వచ్చాడు. "అమ్మా, కత్తెర వద్దు. గది గంజి పెట్టిన నూలు. తడిసి ఎండితే బిగుస్తది, మల్ల తడిపితే వదులైతది. గోరువెచ్చని నీళ్లు సుక్క సుక్క ఏయున్రి. కొస యాడున్నదో నేను దొరకవడ్త."

"చేతులు వణకవు గదా పెద్దాయనా?" అంది డాక్టరమ్మ.

"వణికితె గొల్లభామకు రెండు ముక్కులొస్తయి తల్లీ. ఇంతవరకు ఒక్కటే ఉన్నది."

ఆమె చేతులు కడిగించి, శుభ్రం చేసిన సన్న సూది ఒకటి ఆయనకిచ్చింది. ఆయన జేబులోంచి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. నేను దొప్పలో నాడెను పట్టుకున్నాను. వైష్ణవి చెంచాతో చుక్క చుక్క నీళ్లు వేసింది. తెగిన పోగును వేల పోగుల మధ్య చూపుతో కాకుండా వేలితో వెతికి పట్టుకోవడం నేతగాళ్లకు రోజూ ఉండే పని. ఆయన ఆ వేలిని కాలి చుట్టూ ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పి, ఒకచోట ఆపాడు. "గీడ ఉన్నవా" అన్నాడు, దారంతోనే. సూది మొనతో కొస లేపి, గోళ్ల మధ్య పట్టుకుని, గుంజకుండా, అది చుట్టుకున్న దారినే వెనక్కి తిప్పుకుంటూ వచ్చాడు. ప్రతి చుట్టుకూ వైష్ణవి లెక్క చెప్పింది. ఆరు. ఏడు. ఎనిమిదో చుట్టు దగ్గర నాడె నా బొటనవేలును కొరికింది. ఎముక దాకా దిగిందని మా ఇంట్లో చెప్పాను. గీరుకుంది. పదకొండో చుట్టుకు దారం మొత్తం ఊడి వచ్చింది. తెల్లగుడ్డ మీద పెడితే మూరెడు కూడా లేదు.

డాక్టరమ్మ పుండు కడిగి, మందు రాసి, నొప్పి తగ్గే చుక్కలు సిరంజితో ఎంత ఇవ్వాలో గురువును అడిగి మరీ ఇచ్చింది. సాయంత్రానికి పాదం రంగు మారడం మొదలైంది. చివరికి కాలు దక్కింది. ఒక వేలు ఎండిపోయి రాలిపోయింది.

దారం ఊడిన ఆ నిమిషంలోనే వైష్ణవి అసలు ప్రశ్న అడిగింది. "తాతా, నూలు ఏయుమని నీకు ఎవరు చెప్పిన్రు?"

సత్తయ్య భూతద్దం తుడుచుకుంటున్నాడు. "ఎవరో అన్నరు తీ బిడ్డ. యాదికి లేదు."

"గట్లెట్ల యాదికుండది?"

"ముసలోణ్ని. నాకే మంచిగనిపిచ్చింది, ఏసిన. తప్పు నాదే."

ఆరు ఉంగరాల మనిషిని ఎవరైనా ఎట్లా మరిచిపోతారు, అని మీకు అనిపించవచ్చు. సత్తయ్య మరిచాడు. తప్పు తన నెత్తిన వేసుకుని, మనవరాలు నాలుగు రోజులు మాట్లాడకపోతే ఊరుకున్నాడు. ఐదో రోజున పంజరం సంగతి చూడడానికి డాక్టరమ్మ నన్ను వాళ్లింటికి పంపింది. గురువుగారు ఫోన్‌లో చెప్పినవన్నీ రిజిస్టరు వెనక పేజీలో రాసుకుని పోయాను.

ఇంటి నడిమి గదిలో గుంట మగ్గం, మగ్గం పక్కనే మేకుకు ఆకుపచ్చ పంజరం. నేను తనిఖీ అధికారిలా చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటీ చూశాను. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిపోయింది. లేవలేదు, ఇవి పళ్లతో లేపాయి. జెర్బిల్ పళ్లు ఆగకుండా పెరుగుతాయి, కొరకడం దానికి పని కాదు, బతుకు. కొరికింది కడుపులోకి పోతుంది గనక రంగు వేసిన ఊచలు పనికిరావు, పంజరంలో పెట్టిన ప్లాస్టిక్ ఇల్లూ పనికిరాదు. అప్పటికే ఆ ఇంటికి రెండు కొత్త కిటికీలు పడ్డాయి. అడుగున తీగల జాలి ఉంది. మెత్తని అరికాళ్లు దాని మీద నిలబడి నిలబడి పుండ్లవుతాయి. పరుగెత్తే చక్రం నిచ్చెనలా మెట్లు మెట్లుగా ఉంది. మెట్ల సందులో కాలో తోకో ఇరుక్కుంటే ఈసారి విప్పడానికి దారం కూడా ఉండదు.

ఇవన్నీ చెబుతుంటే సత్తయ్య మగ్గంలో కూర్చుని వింటూ, ఊరికే ఉండలేక నాలుగు పోగులు నేశాడు. దబ్, దబ్ అని పోగును బిగించే పన్నె కొట్టుకుంది. వెంటనే పంజరంలోంచి టపటప మని చిన్న చప్పుడు. కండె వెనక కాళ్లతో నేల కొడుతోంది.

ఆయన మొహం వెలిగింది. "సూసినవా సార్? నేను కొడ్తె గది సుత తాళమేస్తది. రోజు గిట్లనే. పొద్దంత మాకు భజననే."

నా కాగితంలో ఆ సంగతి రాసి ఉంది. "అది తాళం కాదు సత్తన్నా. ఆపద వస్తున్నదని ఒకదానికొకటి చెప్పుకునే గుర్తు. చప్పుడుకు బుగులైతున్నయి."

సత్తయ్య చెయ్యి పన్నె మీదే ఆగింది. పంజరం వైపు చూశాడు. "ఇన్నొద్దులు బుగులుపడ్డయా నాకు" అన్నాడు. "నేను భజన అనుకున్న." లేచి వచ్చి తనే మేకు నుంచి పంజరం తీసి ముందు గదిలోకి మోసుకుపోయాడు. అప్పటిదాకా తలుపు వెనక నిలబడి ఉన్న వైష్ణవి వచ్చి పంజరానికి రెండో వైపు పట్టింది. నాలుగు రోజుల సమ్మె అట్లా ముగిసింది.

కొత్త ఇంటికి వారం పట్టింది. గల్లీలో ఒకరింట చేపలు పోయి ఖాళీగా పడున్న గాజు తొట్టె దొరికింది. దానికి చిటికెన వేలు దూరని స్టీలు జాలి, చెక్క చట్రంతో మూత. గాలి పై నుంచి రావాలి, ఎండ మాత్రం తగలకూడదు, గాజు ఎండలో పొయ్యి మీది గిన్నెలా వేడెక్కుతుంది. ఇక పరుపు. జెర్బిల్ తవ్వే జీవి, జానెడు లోతుకు తక్కువ వేస్తే దానికి ఇల్లు లేనట్టే. అచ్చు సిరా లేని కాగితం సన్నగా చింపి, దుమ్ము దులిపిన ఎండుగడ్డితో కలిపి నింపాం. రంపపు పొట్టు తెస్తానన్నాడు సత్తయ్య. జిగురు వాసన కొట్టే చెక్క పొట్టు వాటి ఊపిరికి పడదని ఆపాను. దూది, నూలు, పీచు, బట్ట, అంటే పోగు వచ్చేది ఏదీ వద్దన్నాను. ఆ మాటకు ఆయన తలొంచుకుంటే, వైష్ణవి "తాత, నీ నూలు మనుషులకే" అంది. అంత గొప్ప ఓదార్పు నేను ఏ దవాఖానలోనూ వినలేదు.

చక్రానికి సత్తయ్య రాట్నం విప్పుతానన్నాడు. దాని చక్రపు ఆకుల మధ్య సందులున్నాయని అదీ కొట్టేశాను. వడ్రంగి దగ్గర రంగు, వార్నిష్ లేని చెక్కతో, పరుగెత్తే చోట సందు లేకుండా, వీపు వంగనంత పెద్దగా చేయించారు. నీళ్లకు ఇనుప మూతి సీసా. దాక్కోవడానికి చిన్న మట్టికుండ, అంచులు నున్నగా నూరింది. దాన్ని వైష్ణవి పరుపు మీద పెట్టబోతే నేను ఆపాను. బరువైనది ఏదైనా తొట్టె అడుగున ఆనించి, ఆ తర్వాతే చుట్టూ పరుపు నింపాలి. పైన పెడితే ఇవి దాని కిందికే తవ్వుకుపోతాయి, కుండ మీద పడి నలిగిపోతాయి. నేను చెప్పినవాటిలో సత్తయ్యకు బాగా నచ్చింది ఇదే. "గుంట మగ్గం సుత గంతే, ముందుగాల నేలల గట్టిగ నిలవెట్టాలె" అన్నాడు. నా కాగితంలో ఒక్కదానికైనా ఆయన వృత్తి సాక్ష్యం చెప్పినందుకు నాకు ఊరట కలిగింది.

నాలుగు వారాలకు సత్తయ్య ఒక్కడే దవాఖానకు వచ్చాడు. చేతిలో చింత పుల్ల.

"సార్, గిది కొరుకుటానికి ఏయొచ్చా?"

"తెల్వదు" అన్నాను. "డాక్టరమ్మను అడిగి చెప్త."

ఆయన నా వైపు కొంచెం సేపు చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. భుజం మీది తువాలు జారిపోయేంత నవ్వాడు. డాక్టరమ్మ గదిలోంచి తొంగి చూసి ఏమైందని అడిగింది. "ఏం లేదమ్మా, మీ సారు ఇయ్యాల మస్తు మంచి మాట చెప్పిండు" అని, నవ్వుతూనే పుల్ల నా బల్ల మీద పెట్టి పోయాడు.

ఈ సంఘటన నాకు నేర్పింది ఒక పద్ధతి. 'వేయొచ్చు' అనడానికి ఎంత సేపు పడుతుందో 'తెలియదు' అనడానికీ అంతే పడుతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తెలియని ప్రాణి వస్తే రిజిస్టరు చికిత్స గడిలో 'అడిగి చెప్పాలి' అని రాశాను, అడిగాక ఎవరిని అడిగానో కూడా రాశాను. నన్ను డాక్టర్ సాబ్ అన్నవాళ్లకు, కాదు, అసిస్టెంటునని చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు. గేదెలు పట్టించుకోలేదు.

ఇక ఇచ్చిన మాట. జగదేవ్‌పూర్ నుంచి గజ్వేల్ దాకా ఎగరడం, నలభై మంది జనం, ఎముక దాకా దిగిన పన్ను, ఇవన్నీ ఉన్నవే, కాస్త పెరిగాయి. మోకాలు ఈ రోజుకీ నొస్తుంది, బొటనవేలి మీద గీత ఇప్పటికీ ఉంది. ఏమీ లేని చోట నేను పుట్టించింది ఆ పట్నం దుకాణదారుణ్ని. అతను లేడు, ఉంగరాలు లేవు, గద్దె లేదు. సత్తయ్య ఆ నెలలో పట్నం పోలేదు. మొదటిసారి వచ్చిన సోమవారం నాడు, డాక్టరమ్మ క్యాంపులో ఉండగా, పరుపుగా ఏం వేయాలని ఆయన అడిగితే, రిజిస్టరు మీది నుంచి తల కూడా ఎత్తకుండా, నూలు మీ ఇంట్లనే ఉండె గదా, అంతకన్న మెత్తనిది ఇంకేముంటది, అన్నవాణ్ని నేను.